మీ షేరులో ఎన్ని మిల్లీగ్రాముల బంగారం?

మదుపు సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: 2008 నుంచి 2014 దాకా టొరంటోలో ఉద్యోగం చేశాను. 2010లో అక్కడి ఒక చిన్న బంగారు అన్వేషణ కంపెనీ షేర్లు ఇరవై వేలు, ఒక్కోటి 40 సెంట్ల చొప్పున కొన్నాను. పది లక్షల ఔన్సుల నిక్షేపం కనిపెట్టామని అప్పుడే ప్రకటించారు. అప్పటి నుంచి ఒక్క షేరు కూడా అమ్మలేదు. ఇప్పుడు నిక్షేపం 12 లక్షల ఔన్సులకు పెరిగింది, బంగారం ధర ఆకాశానికి అంటింది. షేరు మాత్రం 55 సెంట్ల దగ్గరే ఉంది. పైగా ఖాతాలో 2,000 షేర్లే చూపిస్తోంది. బ్రోకరు పొరపాటా? గని మొదలయ్యేదాకా ఆగమంటారా, ఇంకొన్ని కొని సగటు తగ్గించుకోమంటారా? కంపెనీ పత్రాలు జత చేస్తున్నాను. (పాఠకుడు, అనంతపురం)

జవాబు: బ్రోకరు పొరపాటేమీ లేదు. మీరు పంపిన కాగితాల్లోనే ఉంది: 2016లో కంపెనీ పది షేర్లను కలిపి ఒకటి చేసింది. కన్సాలిడేషన్ అంటారు, మన దగ్గర జరిగే స్ప్లిట్‌కు తిరగేసిన పని. కాబట్టి మీరు కొన్న 40 సెంట్లు ఇప్పటి లెక్కలో 4 డాలర్లు. పెట్టింది 8,000 డాలర్లు, ఇవాళ ఉన్నది 1,100. వందకు ఎనభై ఆరు పోయాయి. 40 నుంచి 55కు పెరిగిందని ఇన్నాళ్లూ అనుకోవడం మీ తప్పని అనలేం, బ్రోకరు తెరమీద ఈ సంగతి ఎర్రక్షరాల్లో ఎవరూ రాయరు. కన్సాలిడేషన్ జరిగిన షేరుకు పాత ధరల గ్రాఫును కూడా సవరించి చూపిస్తారు. 2010 దగ్గర 40 సెంట్లు కనపడకుండా 4 డాలర్లు కనపడితే అనుమానించాల్సింది అక్కడే.

ఇక అసలు లెక్క. ఇలాంటి కంపెనీలో మీ వాటా బంగారం ఎంతో మిల్లీగ్రాముల్లో కట్టి చూడాలి. బంగారం కొలిచే ఔన్సు (ట్రాయ్ ఔన్సు) అంటే 31.1035 గ్రాములు. 2010లో పది లక్షల ఔన్సులంటే 31.1 టన్నులు. అప్పుడున్న షేర్లు 6 కోట్లు. భాగిస్తే షేరుకు 518 మిల్లీగ్రాములు. మీ ఇరవై వేల షేర్ల మీద 10 కిలోల 370 గ్రాములు.

ఇప్పుడు నిక్షేపం 12 లక్షల ఔన్సులే కానీ, 2019లో సగం వాటా ఒక భాగస్వామికి ఇచ్చేశారు. మిగిలింది 6 లక్షల ఔన్సులు, 18.66 టన్నులు. షేర్లు 6 కోట్ల నుంచి ముప్పై కోట్లకు పెరిగాయి, కలిపేశాక 3 కోట్లయ్యాయి, మళ్లీ 9 కోట్లకు చేరాయి. షేరుకు 207 మిల్లీగ్రాములు. మీ రెండు వేల షేర్ల మీద 415 గ్రాములు. నిక్షేపం అయిదోవంతు పెరిగింది, మీ వాటా ఇరవై అయిదో వంతుకు పడింది. 2010లో ఔన్సు సగటున 1,200 డాలర్ల పైచిలుకు. 2025 అక్టోబరులో 4,000 దాటింది. మూడింతలకు మించిన ఆ పెరుగుదల మీ షేరులో ఎందుకు కనిపించలేదంటే ఇదీ సంగతి.

ఆ 415 గ్రాములు కూడా బీరువాలో ఉన్నవి కావు, రాతిలో ఉన్నవి. అందులో ఇన్ఫర్డ్ ఎంత, ఇండికేటెడ్ ఎంత, మెజర్డ్ ఎంత అన్నది పత్రంలో పట్టికగా ఉంటుంది. నమ్మకం పెరిగే వరసలో మూడు తరగతులివి. ఇన్ఫర్డ్ అంటే దూరదూరంగా వేసిన బోర్ల మధ్య ఉండొచ్చని ఊహించింది. మన జిల్లాలో బోరు వేయించిన రైతుకు ఇది వేరే చెప్పక్కర్లేదు: పక్క చేనులో మూడంగుళాల నీళ్లు పడ్డాయని మన చేనులోనూ పడతాయని రాసివ్వలేం. ఇండికేటెడ్, మెజర్డ్ అయ్యాకే, తవ్వితే లాభం వస్తుందని ప్రీ-ఫీజిబిలిటీ (గిట్టుబాటును పరిశీలించే) స్థాయి అధ్యయనమైనా తేల్చాకే దాన్ని రిజర్వ్ అనాలి. కెనడాలో గనుల కంపెనీలు నిక్షేపాల లెక్క ఎలా ప్రకటించాలో చెప్పే ఎన్‌ఐ 43-101 నిబంధన ప్రకారం ఇన్ఫర్డ్‌ను రిజర్వ్‌గా మార్చకూడదు. అయినా పీఈఏ అనే తొలి అంచనా నివేదికలో ఇన్ఫర్డ్‌నూ కలిపి లాభం లెక్క చూపించే వీలుంది. మీ కంపెనీ గొప్పగా చెబుతున్నది ఆ పీఈఏ లాభమే. 12 లక్షల ఔన్సుల్లో 9 లక్షలు ఇంకా ఇన్ఫర్డే. తొమ్మిదేళ్లుగా ఆ పట్టికలో పెద్ద మార్పు లేదు.

షేర్లు ఇన్ని ఎందుకు పుడతాయంటే, ఈ కంపెనీకి అమ్ముకునే సరుకంటూ లేదు. డ్రిల్లింగుకు, ప్రయోగశాలకు, జీతాలకు డబ్బు కావాలి, బ్యాంకు అప్పివ్వదు. కాబట్టి ఏడాది, రెండేళ్లకోసారి ప్రైవేట్ ప్లేస్‌మెంట్, అంటే ఎంచుకున్న కొద్దిమందికి కొత్త షేర్లు నేరుగా అమ్మడం. షేరుతోపాటు వారంటు ఇస్తారు. ఉదాహరణకు 50 సెంట్లకు ఒక షేరు, రెండేళ్లలోపు 75 సెంట్లకు మరొకటి కొనుక్కునే హక్కు ఉచితంగా. కొన్నవాళ్లు నాలుగు నెలల అమ్మకం నిషేధం తీరగానే షేరును వదిలించుకుని వారంటు ఉంచుకుంటారు. ప్లేస్‌మెంట్ తర్వాత అయిదో నెలలో ధర జారడం మీ గ్రాఫులో మూడుచోట్ల కనిపిస్తోంది, తేదీలు సరిచూసుకోండి. 75 సెంట్లు దాటబోతే వారంటు షేర్లు వచ్చి పడతాయి గనుక ధరకు అక్కడొక కప్పు ఏర్పడుతుంది.

ఆగాలా వద్దా తేల్చడానికి కెనడా కంపెనీల పత్రాలుండే సెడార్ ప్లస్ వెబ్‌సైట్లో ఉచితంగా దొరికే తాజా త్రైమాసిక ఎండీ అండ్ ఏ (యాజమాన్యం రాసే వివరణ నివేదిక) తెరవండి. మొదట చేతిలో నగదు, నెలకు ఖర్చు. మీరు పంపిన దాని ప్రకారం 9 లక్షల డాలర్లున్నాయి, నెలకు లక్షా పది వేలు పోతున్నాయి. ఎనిమిది నెలలకు అయిపోతుంది, అంటే ఆరు నెలల్లోపు ఇంకో ప్లేస్‌మెంట్ ఖాయం. తర్వాత ఆ ఖర్చులో భూమి మీద పెట్టిందెంత, ఆఫీసు మీద పెట్టిందెంత. గతేడాది ఇది డ్రిల్లింగుకు 4 లక్షలు, జీతాలు, ప్రయాణాలు, ప్రచారం కలిపి 9 లక్షలు ఖర్చు చేసింది. మాకు నచ్చనిది ఇదే. గని కోసం కంపెనీ నడుస్తోందా, జీతాల కోసం గని మాట నడుస్తోందా అన్న అనుమానం రావాల్సిన నిష్పత్తి ఇది. ఇక కంపెనీ లోపలివాళ్ల కొనుగోళ్లు, అమ్మకాలు చూపే ఎస్‌ఈడీఐ వెబ్‌సైట్లో డైరెక్టర్లు బజారులో సొంత డబ్బుతో కొన్నారా చూడండి. వాళ్లకు ఉచితంగా వచ్చిన ఆప్షన్లను (ముందే అనుకున్న ధరకు షేరు కొనే హక్కులను) కొనుగోలు కింద లెక్కపెట్టకండి.

నిక్షేపం దొరికిన తర్వాత షేరు ఏళ్లతరబడి నిద్రపోవడం ఈ రంగంలో మామూలే. కెనడా గనుల మదుపరి పియర్ లసాండ్ గీసిన వక్రరేఖ దీన్నే చూపిస్తుంది: బంగారం దొరికిందన్న వార్తకు ఒక శిఖరం, అనుమతులూ అధ్యయనాల కాలంలో లోయ, గని కట్టడానికి డబ్బు కుదిరాక రెండో ఎత్తు. మీ కంపెనీవాళ్లు ‘లోయలో ఉన్నాం, ఓపిక పట్టండి’ అంటున్నది దాన్ని చూపించే. లోయలో ఉన్న కంపెనీ ఏటా ఒక మెట్టు దాటుతూ ఉండాలి: ఇన్ఫర్డ్ ఇండికేటెడ్‌గా మారాలి, పీఈఏ తర్వాత ప్రీ-ఫీజిబిలిటీ రావాలి, పర్యావరణ దరఖాస్తు కదలాలి. మీ కంపెనీ తొమ్మిదేళ్లుగా ఒకే మెట్టు మీద కూర్చుంది.

మా మాట: ఇంకో డాలరు పెట్టకండి. సగటు తగ్గించడమంటే మిల్లీగ్రాములు కరిగే పాత్రలో ఇంకాస్త పోయడమే. వచ్చే ప్లేస్‌మెంటులో ఏదైనా పెద్ద గనుల కంపెనీ వారంటు లేకుండా బజారు ధరకో అంతకన్నా ఎక్కువకో వాటా కొంటే ఉన్నవి ఉంచండి. మళ్లీ ఒకటికి ఒక వారంటు పద్ధతే అయితే, బంగారం పరుగుల మీద లావాదేవీలు జోరుగా ఉన్న రోజు చూసి అమ్మేయండి. కొనేవాడు 50, అమ్మేవాడు 58 అనే షేరులో దొరికిన ధరకు అమ్మేసే మార్కెట్ ఆర్డరు పెట్టొద్దు, మీరు చెప్పిన ధరకు తగ్గకుండా అమ్మే లిమిట్ ఆర్డరే పెట్టండి.

పన్ను సంగతి చాలామంది మరిచేది. కెనడాలో ఉన్నప్పుడు కొన్న ఆస్తిని తిరిగొచ్చాక ఉంచుకోవడానికి ఫెమా (విదేశీ మారక చట్టం) సెక్షన్ 6(4) అనుమతిస్తుంది, అందులో ఇబ్బంది లేదు. తిరిగొచ్చిన కొత్తలో ఉండే ఆర్‌ఎన్‌ఓఆర్ (సాధారణ నివాసి కాని నివాసి) అనే పన్ను హోదా మీకు ఎప్పుడో దాటిపోయింది కనుక ఏటా రిటర్నులో షెడ్యూల్ ఎఫ్‌ఏ (విదేశీ ఆస్తుల పట్టిక) నింపాలి, పైసా ఆదాయం రాకపోయినా సరే. అక్కడ లెక్క ఆర్థిక సంవత్సరానికి కాదు, జనవరి నుంచి డిసెంబరుకు. కొన్న విలువ, ఏడాదిలో గరిష్ఠ విలువ, డిసెంబరు 31 విలువ అడుగుతారు. నింపకపోతే బ్లాక్ మనీ చట్టం కింద పది లక్షల జరిమానా ఉంది. స్థిరాస్తి కాని విదేశీ ఆస్తులన్నీ కలిపి 20 లక్షలు మించకపోతే 2024 అక్టోబరు 1 నుంచి ఆ జరిమానా వేయరు. అలాగని నింపడం మానొద్దు. అమ్మాక వచ్చే నష్టం దీర్ఘకాలికం. రిటర్ను గడువులోగా వేస్తే ఎనిమిదేళ్లపాటు ముందుకు తీసుకెళ్లొచ్చు, షేర్ల లాభంలోనే కాదు, అనంతపురంలో ప్లాటు అమ్మితే వచ్చే దీర్ఘకాలిక లాభంలోనూ తీసేసుకోవచ్చు. ధర సున్నాకు పడి కంపెనీ ట్రేడింగే ఆగిపోతే అమ్మకం ఉండదు, నష్టమూ రాసుకోలేరు.

ప్రశ్న: నగల వ్యాపారంలో ఉన్నాం. గీటురాయి, టచ్ తెలుసుగానీ గని లెక్కలు తెలియవు. ఒక కంపెనీ ‘86 మీటర్ల లోతు నుంచి 12 మీటర్ల మేర టన్నుకు 3.2 గ్రాములు, ఇందులో 1 మీటరు 30 గ్రాములు’ అని ప్రకటించింది. మంచి ఫలితమేనా? (పాఠకుడు, ప్రొద్దుటూరు)

జవాబు: కాగితం, పెన్సిలు తీసుకోండి. 12 మీటర్లను 3.2తో గుణిస్తే 38.4. అందులో ఆ ఒక్క మీటరువే 30. మిగిలిన 11 మీటర్లకు దక్కింది 8.4. అంటే సగటున టన్నుకు 0.76 గ్రాములు. ఒక సన్నని మంచి చార, దానికి అటూ ఇటూ పేలవమైన రాయి. చిన్న వెన్న ముద్దను పెద్ద రొట్టె మీద పూసి ‘రొట్టంతా వెన్నే’ అన్నట్టు. ప్రకటనలో ‘ఇందులో’ అన్న మాట కనిపిస్తే ఈ తీసివేత చేయకుండా ముందుకు పోవద్దు.

రెండోది, ఆ 12 మీటర్లు బోరు గొట్టం వెంట కొలిచినవి. చార ఏటవాలుగా ఉంటే బోరు దాన్ని ఎక్కువ దూరం కోస్తుంది. చారకూ బోరుకూ మధ్య కోణం 30 డిగ్రీలైతే అసలు మందం సగమే, 6 మీటర్లు. ‘అసలు మందం ఇంత’ అని ప్రకటన అడుగున రాయకపోతే కంపెనీకి తెలియదనుకోవాలి, లేదా చెప్పడం ఇష్టం లేదనుకోవాలి.

టన్నుకు ఎన్ని గ్రాములైతే గిట్టుబాటు అంటే ఒక్క అంకె లేదు. పైనుంచి తవ్వే గనిలో ఒకటిన్నర గ్రాము రాయి కూడా గిట్టొచ్చు, కిలోమీటరు లోతు సొరంగంలో అయిదు కూడా చాలకపోవచ్చు. కోలార్ గనులను 2001 ఫిబ్రవరి 28న మూసింది బంగారం పూర్తిగా లేకపోబట్టి కాదు. మూడు కిలోమీటర్లకు మించిన లోతు నుంచి సన్నబడిన రాయిని పైకి తేవడానికయ్యే ఖర్చు దాని విలువను మించిపోయింది. మీకు అలవాటైన కొలతలో చెప్పాలంటే: ఒకటిన్నర గ్రాము రాయి, మిల్లులో వందకు తొంభై పాళ్లు రాబట్టగలిగారనుకుంటే టన్నుకు 1.35 గ్రాములు. పది గ్రాముల తులానికి 7.4 టన్నుల రాయి, రెండు ట్రాక్టర్ ట్రాలీల పైనే. ఆ రాయికి చేరడానికి అయిదు రెట్లు పనికిరాని రాయి తీయాల్సివస్తే మరో 37 టన్నులు. ప్రకటనలో ‘స్ట్రిప్ రేషియో’ అన్నది ఇదే.

పరీక్ష మీకు తెలిసినదే, హాల్‌మార్కింగ్ సెంటరులో జరిగే ఫైర్ అస్సేనే. తేడా నమూనాలో ఉంటుంది. బోరులోంచి వచ్చిన రాతి కడ్డీని నిలువునా రెండుగా కోసి, ఒక సగం పొడిచేసి, అందులోంచి 30 లేదా 50 గ్రాములు కరిగిస్తారు. గింజగా ఉండే ముతక బంగారంలో ఆ 30 గ్రాముల్లో ఒక్క గింజ పడితే లెక్క ఎక్కడికో పోతుంది, పడకపోతే సున్నా. అందుకే టన్నుకు 30 గ్రాములు చూపిన ఆ మీటరును మళ్లీ పరీక్షించారా, కిలో నమూనాను జల్లించే పద్ధతిలో చూశారా అని కంపెనీకి ఈమెయిల్ పెట్టి అడగొచ్చు, జవాబిచ్చే కంపెనీలున్నాయి.

మిగతా సగం కడ్డీని పెట్టెల్లో దాచడం ఆనవాయితీ. ఇండోనేసియాలోని బుసాంగ్‌లో బ్రీ-ఎక్స్ అనే కెనడా కంపెనీ సగం దాచకుండా మొత్తం పొడిచేయించింది. అప్పుడే ఎవరైనా గట్టిగా అడిగి ఉండాల్సింది. నమూనాల్లో బంగారం కలిపేశారు. దొరికిన గింజలు ఏటి ఇసుకలో దొర్లిన బంగారంలా గుండ్రంగా ఉన్నాయి, రాతిలోంచి వచ్చినవి అలా ఉండవు. 1997 మార్చిలో ఫ్రీపోర్ట్ కంపెనీ పక్కనే మళ్లీ బోర్లు వేస్తే చెప్పుకోదగ్గ బంగారమే లేదు. 600 కోట్ల కెనడా డాలర్ల విలువ చేసిన కంపెనీ కూలిపోయింది. ఇప్పటి ఎన్‌ఐ 43-101 నిబంధన 2001లో వచ్చింది ఆ దెబ్బతోనే.

ప్రశ్న: జొన్నగిరి గని మాకు దగ్గరే. ఆ కంపెనీ అన్‌లిస్టెడ్ షేర్లు తక్కువకు ఇప్పిస్తామని వాట్సాప్‌లో ఒకాయన చెబుతున్నాడు. మా ఊరి బంగారం గదా, నమ్మకంగా పెట్టొచ్చా సార్? (పాఠకురాలు, పత్తికొండ)

జవాబు: ఊరు మీదైనంత మాత్రాన లెక్క మారదమ్మా. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం వంగి వెతికేవాళ్లది కనీసం సొంత కన్ను, సొంత కాలు. ఇక్కడ మీరు నమ్మాల్సింది ముక్కూ మొహం తెలియని ఏజెంటును.

జొన్నగిరి లీజు జియోమైసూర్ సర్వీసెస్ అనే కంపెనీది, అది స్టాక్ ఎక్స్ఛేంజిలో లేదు. అందులో దాదాపు 40 శాతం వాటా ఉన్న డెక్కన్ గోల్డ్ మైన్స్ బీఎస్‌ఈలో ఉంది, ఎవరైనా డీమ్యాట్ ఖాతాతో కొనొచ్చు. కొనమని చెప్పడం లేదు. గనిలో వంద గ్రాములు తీస్తే ఆ లిస్టెడ్ కంపెనీ వాటాకు వచ్చేది నలభై, దాన్ని మళ్లీ దాని షేర్ల సంఖ్యతో భాగించాలన్నది మాత్రం గుర్తుంచుకోండి. పై అనంతపురం జవాబులోని లెక్కే ఇక్కడా.

వాట్సాప్ మనిషి విషయానికొస్తే, అలాంటివాళ్లకూ గని కంపెనీకీ ఏ సంబంధమూ ఉండనక్కర్లేదు. ఐసిన్ నంబరు (షేరు గుర్తింపు సంఖ్య) అడగండి, డీమ్యాట్ షేర్ల డిపాజిటరీ అయిన ఎన్‌ఎస్‌డీఎల్ వెబ్‌సైట్లో అది ఏ కంపెనీదో చూడండి. అమ్మేవాడి డీమ్యాట్ ఖాతాలో షేర్లు ఉన్నట్టు హోల్డింగ్ స్టేట్‌మెంట్ అడగండి. స్క్రీన్‌షాట్‌ను నమ్మొద్దు, ఫోటో మార్చడం అయిదు నిమిషాల పని. డబ్బు అమ్మేవాడి పేరున్న బ్యాంకు ఖాతాకే పోవాలి, ఏజెంటు ఫోన్‌పే నంబరుకు కాదు. ప్రైవేట్ లిమిటెడ్ అయితే షేరు బదిలీకి కంపెనీ బోర్డు ఒప్పుకోవాలి, ఒప్పుకోకపోతే మీ డబ్బు మధ్యలో వేలాడుతుంది. ముందే డబ్బు పంపేసి ఉంటే ఈరోజే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. తొలి గంటల్లో చేస్తేనే ఆ ఖాతాలోని డబ్బును ఆపించే అవకాశం ఉంటుంది.

షేరు లేకపోయినా మీ ప్రాంతానికి గని నుంచి రావాల్సింది ఒకటుంది. బంగారంపై రాయల్టీ లండన్ ధరలో 4 శాతం, ముడిరాతిలో ఉన్న బంగారాన్ని బట్టి. దానికి అదనంగా జిల్లా ఖనిజ నిధికి కట్టాలి: 2015కు ముందు ఇచ్చిన లీజైతే రాయల్టీలో 30 శాతం, వేలంలో ఇచ్చినదైతే 10. ఆ నిధి మీ మండలంలో దేనికి ఖర్చవుతోందో కలెక్టరేట్‌లో అడగొచ్చు.

ప్రశ్న: నాన్నగారి ట్రంకుపెట్టెలో 1990ల నాటి ఒక గనుల కంపెనీ 300 షేర్ల పత్రాలు దొరికాయి. డివిడెండు ఎప్పుడూ రాలేదట. చిత్తుకాగితాలేనా? (పాఠకుడు, కర్నూలు)

జవాబు: ముందు కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్లో కంపెనీ పేరు కొట్టి ‘యాక్టివ్’ అని ఉందా, ‘స్ట్రైక్ ఆఫ్’ (రిజిస్టరు నుంచి తొలగించారు) అని ఉందా చూడండి. పేరు మారి ఉండొచ్చు, పాత పేరుతోనూ వెతకండి. స్ట్రైక్ ఆఫ్ అయితే వాటాదారులు ఎన్‌సీఎల్‌టీకి (కంపెనీ లా ట్రిబ్యునల్‌కు) వెళ్లడానికి ఇరవై ఏళ్ల గడువుంది. ఆస్తి మిగిలి ఉందని తెలిస్తే తప్ప 300 షేర్ల కోసం లాయరు ఫీజు దండగ.

యాక్టివ్ అయితే కంపెనీ షేర్ల లెక్కలు చూసే రిజిస్ట్రారుకు ఐఎస్‌ఆర్-1 (పాన్, చిరునామా, బ్యాంకు), ఐఎస్‌ఆర్-2 (బ్యాంకు ధ్రువీకరించిన సంతకం), నాన్నగారు కాలం చేసి ఉంటే బదలాయింపుకు ఐఎస్‌ఆర్-5 పంపాలి. మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం జతచేయాలి. కాగితం షేర్లు ఆ కంపెనీలో 5 లక్షల విలువ మించకపోతే నామినీ లేకున్నా సులభ పత్రాలతో సరిపోతుంది. 2019 ఏప్రిల్ 1 నుంచి కాగితం మీద అమ్మకం లేదు కాబట్టి మీ పేరున డీమ్యాట్ ఖాతా తప్పనిసరి. పనిలో ఎక్కువగా ఆగిపోయేది ఒక్కచోట: పత్రం మీద ‘వెంకట’, పాన్ మీద ‘వి.’ అని ఉంటుంది. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ ముందే తయారు చేసుకోండి.

కంపెనీ అసలు డివిడెండే ప్రకటించకపోయి ఉంటే మీకు ఒకందుకు మేలే. ఏడేళ్లు వరుసగా తీసుకోని డివిడెండు ఉన్న షేర్లనే ఐఈపీఎఫ్ అనే ప్రభుత్వ నిధికి బదిలీ చేస్తారు. ఇవ్వని డివిడెండును తీసుకోలేదనడానికి లేదు, కాబట్టి షేర్లు ఇంకా నాన్నగారి పేరునే ఉండాలి.

ప్రశ్న: గనుల కంపెనీ రైట్స్ ఇష్యూలో (పాత వాటాదారులకు కొత్త షేర్లు ఇచ్చే ఇష్యూ) ఆర్‌ఈలు (రైట్స్ ఎంటైటిల్‌మెంట్లు) బజారులో మూడు రూపాయలకే దొరికితే వెయ్యి కొన్నాను. ఇప్పుడు ఖాతాలో కనిపించడం లేదు. (పాఠకుడు, గుత్తి)

జవాబు: మీరు కొన్నది షేరు కాదు, షేరుకు దరఖాస్తు చేసుకునే హక్కు. ఇష్యూ ముగిసేలోగా బ్యాంకు ఏఎస్‌బీఏ (దరఖాస్తు సొమ్మును మీ ఖాతాలోనే ఆపి ఉంచే పద్ధతి) ద్వారా ఇష్యూ ధర కట్టి దరఖాస్తు చేయాలి. చేయకపోతే ఆర్‌ఈ రద్దయిపోతుంది, పెట్టిన మూడు వేలు తిరిగి రావు. ఆర్‌ఈల ట్రేడింగు ఇష్యూ ముగియడానికి కొన్ని రోజుల ముందే ఆగిపోతుంది కాబట్టి చివరి రోజు అమ్ముదామన్నా కుదరదు. ఈసారికి చేయగలిగిందేమీ లేదు. వచ్చేసారి ఆర్‌ఈ కొన్న రోజే దరఖాస్తుకు కావాల్సిన సొమ్ము ఖాతాలో ఉందో లేదో చూసుకుని, ఆలస్యం చేయకుండా నెట్‌బ్యాంకింగులో దరఖాస్తు పెట్టేయండి.